చెబితే ఫోన్ పోతుంది

పిల్లలకి సోషల్ మీడియా ఉండాలా వద్దా అన్న వాదన ఇప్పుడు తెలుగువాళ్ల ఇళ్లలో ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ దావోస్‌లో మాట్లాడుతూ, పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా వద్దనే ఆస్ట్రేలియా చట్టాన్ని పరిశీలిస్తున్నామన్నాక అది టీవీ చర్చల్లోకి కూడా వచ్చింది. టీవీ చర్చలో ఎవరి మాటా ఎవరూ పూర్తిగా విననివ్వరు. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిని ఒకరు చివరిదాకా విననిచ్చి రాస్తున్నాను. అక్క గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచరు. తమ్ముడు హైదరాబాదులో పిల్లల మానసిక సమస్యలు చూసే సైకాలజిస్టు. ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. వాళ్లు చెప్పే పిల్లల సంగతులు కూడా ఏ ఒక్క పిల్లవీ కావు, చాలామందివి కలిసినవి. చట్టాలూ అధ్యయనాల లెక్కలూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అక్క: చట్టం రావాలిరా. పదహారు నిండేదాకా ఇన్‌స్టా లేదు, స్నాప్ లేదు, అంతే. మొదటి పీరియడ్‌కే సగంమందికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఏరా, నిద్రపోలేదా అంటే ఒకడు 'స్ట్రీక్ పోతుందని మేలుకున్నా టీచర్' అన్నాడు. స్ట్రీక్ అంటే ఏంటో వాడే నాకు విడమరిచి చెప్పాడు. ఫొటోలు పంపుకునే యాప్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ తప్పకుండా ఒకరికొకరు ఫొటో పంపుకుంటే, పేరు పక్కన నిప్పు బొమ్మా, దాని పక్కన రోజుల అంకే పడతాయి. ఒక్క రోజు తప్పితే అంకె పోతుంది. గడువు దగ్గర పడిందంటే ఇసుక గడియారం బొమ్మ వస్తుంది. వాడికి ఎనిమిదిమందితో స్ట్రీకులున్నాయి. ఏం ఫొటోలు పంపుతాడో తెలుసా? ఇంటి కప్పు. ఫ్యాను. లేదంటే ఉత్త చీకటి. ఫొటోలో ఏముందని ఎవరూ చూడరు, అంకె నిలబడితే చాలు. పరీక్షలప్పుడు ఇంట్లో ఫోన్ తీసేస్తారని ముందే తెలిసి, పాస్‌వర్డు ఇంకో స్నేహితుడికి అప్పజెప్పాడట, నా బదులు నువ్వు పంపరా అని.

తమ్ముడు: నిద్ర సంగతిలో నీతో వాదన లేదక్కా. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఈడొచ్చేటప్పుడు మెలటోనిన్ ఊరే వేళే వెనక్కి జరుగుతుంది, నువ్వు పాఠం చెప్పేదే కదా. రాత్రి తొందరగా నిద్ర రాదు, పొద్దున ఏడింటికి ట్యూషన్ తప్పదు. ఆ మధ్యలో ఉన్న కాస్త నిద్రనీ ఫోన్ తినేస్తోంది. దిగులనీ, చిరాకనీ, చదివింది బుర్రకెక్కడం లేదనీ నా దగ్గరికి తీసుకొస్తారు. నేను మొట్టమొదట అడిగేది ఎన్నింటికి పడుకుంటున్నావనే. కానీ రాత్రి ఫోన్ హాల్లో పెట్టించడానికి చట్టం ఎందుకు?

అక్క: హాల్లో పెట్టమనే తల్లి పక్కగదిలో పన్నెండింటిదాకా రీల్స్ చూస్తుంటుంది కాబట్టి. అదొక్కటే కాదు, ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. నేనివ్వనంటే 'అందరికీ ఉంది, నాకొక్కదానికే లేదు' అంటుంది పిల్ల. అది అబద్ధం కాదు. క్లాసు గ్రూపు అందులోనే ఉంది, పుట్టినరోజు పిలుపు అందులోనే వస్తుంది, ఎవరికి ఎవరితో చెడిందో అందులోనే తెలుస్తుంది. తన పిల్లని ఒక్కదాన్నే బయట నిలబెట్టడానికి ఏ తల్లికి మనసొస్తుంది? జొనాథన్ హైట్ 2024లో 'ది యాంగ్షస్ జనరేషన్' పుస్తకంలో చెప్పింది ఇదే. అందరూ కలిసి ఇరుక్కున్నారు, అందరూ కలిసే బయటపడాలి. 2010కీ 2015కీ మధ్య పిల్లల బాల్యం ఆటల్లోంచి ఫోన్లలోకి వెళ్లిపోయిందనీ, అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఆడపిల్లల్లో దిగులూ ఆందోళనా పెరిగింది అప్పట్నుంచేననీ ఆయన వాదన. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో వచ్చింది. ఇన్‌స్టాగ్రామూ, ముందువైపు కెమెరా ఉన్న ఐఫోనూ 2010లో వచ్చాయి. తర్వాతేం జరిగిందో చూడు.

తమ్ముడు: ఆ పుస్తకం నేనూ చదివాను. 'నేచర్' పత్రికలో దానిమీద క్యాండిస్ ఆడ్జర్స్ రాసిన సమీక్షా చదివాను. రెండు గీతలు ఒకే కాలంలో పైకి లేచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదంటుంది ఆవిడ. 2019లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ మూడున్నర లక్షలమందికి పైగా పిల్లల సర్వేలు ముందేసుకుని లెక్క కట్టారు. పిల్లల మనసు బాగుండటంలో కనబడే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతం. బంగాళాదుంపలు తినడానికీ మనసు బాగోగులకీ కూడా ఇంచుమించు అంత సంబంధమే కనబడింది వాళ్ల లెక్కలో. పైగా ఏది ముందు? ఫోన్ చూసి దిగులు పడుతోందా, దిగులుగా ఉండి ఫోన్ పట్టుకుంటోందా? నా గదిలో కూర్చున్న చాలామంది పిల్లల విషయంలో రెండోదే ముందు.

అక్క: మా స్కూలు రిజల్ట్ షీటు మీద క్లాసు సగటు 62 అని రాస్తాం. చూసినవాళ్లు పర్లేదంటారు. అందులో తొమ్మిది మార్కులొచ్చిన పిల్ల ఉంటుంది, ఆ 62లో ఆ పిల్ల ఎక్కడా కనబడదు. మీ 0.4 శాతం అలాంటిదే. లండన్లో 2017లో చనిపోయిన పద్నాలుగేళ్ల పిల్ల సంగతి నీకు తెలుసు. చివరి ఆరు నెలల్లో ఆ పిల్ల ఇన్‌స్టాలో దాచుకున్నవీ, లైక్ కొట్టినవీ, పంచుకున్నవీ 16,300. అందులో 2,100 కుంగుబాటు, స్వీయహాని, ఆత్మహత్యల గురించినవి. అవన్నీ ఆ పిల్ల వెతుక్కుని తెచ్చుకున్నవేనా? ఒకటి చూస్తే పది తెచ్చి పెట్టింది ఆ యంత్రం. కుంగుబాటుతో పాటు ఆన్‌లైన్‌లో చూసినవాటి దుష్ప్రభావం కూడా ఆ చావుకు కారణమని 2022లో అక్కడి కరోనర్, అంటే చావుల మీద విచారణ చేసే అధికారి, తేల్చి చెప్పాడు. దిగులే ముందు ఉందనుకో. దిగులుతో ఉన్న పిల్లకి ఇంకా దిగులు పెట్టేవాణ్ణి ఏమంటాం?

తమ్ముడు: దానికి నా దగ్గర జవాబు లేదు, వెతకను కూడా. నీ వాదనకు బలమిచ్చేవి ఇంకో రెండు నేనే చెబుతాను, దాచడం నాకు చేతకాదు. ఆ ఓర్బెనే 2022లో బ్రిటన్ పిల్లల మీద ఇంకో అధ్యయనం చేసింది. సగటున చిన్నగా కనబడే ప్రభావం కొన్ని వయసుల్లో గట్టిగా ఉందని తేలింది. ఆడపిల్లల్లో 11 నుంచి 13, మగపిల్లల్లో 14, 15. ఆ ఏడు ఎక్కువ వాడినవాళ్లు మరుసటి ఏడు తమ జీవితం పట్ల తక్కువ తృప్తిగా ఉన్నారు. రెండోది ఫేస్‌బుక్ సంగతి. 2004లో హార్వర్డ్‌లో మొదలై ఒక్కో కాలేజీకీ వరసగా వెళ్లింది కదా. ముందు వచ్చిన కాలేజీలనీ, ఇంకా రాని కాలేజీలనీ పోల్చి చూశారు ముగ్గురు ఆర్థికవేత్తలు. వచ్చిన చోట విద్యార్థుల మానసిక ఆరోగ్యం దిగింది. అది ఉత్త కాకతాళీయం అని కొట్టెయ్యలేను.

అక్క: మరింక నీకూ నాకూ తేడా ఏముంది?

తమ్ముడు: ఉంది. నువ్వు అమెరికా గ్రాఫు తీసుకొచ్చి గుంటూరు మీద పరుస్తున్నావు. మనకి జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. పిల్లల చేతికి ఫోన్ నిజంగా అందింది 2020లో, ఆన్‌లైన్ క్లాసుల పేరుతో. అప్పులు చేసి మరీ కొనిచ్చారు. కానీ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది 2015–16లో, డేటా చవక కాకముందు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని అప్పటికే తేలింది. ఇంకా వెనక్కి వెళ్దాం. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరదారెడ్డి కమిటీ వేసింది 2001లో. అప్పుడు మన పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోనే లేదక్కా.

అక్క: అది వేరే రోగం.

తమ్ముడు: పిల్లలు ఆ పిల్లలే కదా. ఇవాళ మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. నువ్వడిగే నిషేధం అక్కడ ఎప్పట్నుంచో అమల్లో ఉంది, నీ చట్టం కన్నా గట్టిగా. పొద్దున ఐదున్నరకి లేపుతారు, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్ అయిపోతుంది. ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకులు. ర్యాంకు తగ్గితే సెక్షన్ మారుస్తారు, సెక్షన్ మారితే గది మారుతుంది, పక్క మంచం స్నేహితురాలు మారిపోతుంది. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోన్ దగ్గర వరస, వెనకాల ఇరవైమంది. నా దగ్గరికొచ్చిన ఒక ఇంటర్ పిల్ల చెప్పింది, 'అమ్మతో మాట్లాడేటప్పుడు వెనక వాళ్లంతా వింటుంటారు సార్, అందుకే రోజూ బాగున్నాననే చెప్పేదాన్ని' అని. ఆ పిల్ల ఏడు నెలలు రీల్ అన్నది చూడలేదు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు గందరగోళమై ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. జాతీయ నేర గణాంకాల్లో 2022 ఒక్క ఏడాదికి విద్యార్థుల ఆత్మహత్యలు 13,044. ఇదంతా పక్కనబెట్టి ఫోన్ ఒక్కదాన్నే బోనెక్కిస్తే ఎవరికి హాయి? ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టేవాళ్లకి హాయి. ఫీజు కట్టి పిల్లని అక్కడ దించి వచ్చిన తండ్రికి హాయి.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మన రెండు రాష్ట్రాల్లో టీనేజ్ పిల్లల మనసు గురించి మాట్లాడుతూ ఇంటర్ హాస్టల్ ఊసెత్తకపోతే ఆ మాటకు విలువ లేదు. సెల్‌ఫోన్ మీద సభలు పెట్టి ఉపన్యాసాలిచ్చే యాజమాన్యాలు మనకున్నాయి. వాళ్ల కాలేజీ టైంటేబుల్ మీద కూడా అలాంటి సభ ఒకటి జరగాలి.

అక్క: సరే, ఒప్పుకున్నా. రెండు రోగాలుంటే రెండింటికీ మందివ్వాలి. హాస్టల్ ఉంది కదా అని ఫోన్‌ని వదిలేస్తామా? నీకు ర్యాంకుల గోడ కనబడుతోంది, నాకు ఇంకో గోడ కనబడుతోంది. పోయినేడు మా స్కూలు పేరు పెట్టి ఒక యాప్‌లో పేజీ తెరిచారు, పేరు చివర 'కన్ఫెషన్స్' అని. నడిపేదెవరో తెలీదు. ఒక ఫామ్ లింకు ఇస్తారు, పేరు చెప్పకుండా ఎవరైనా ఏమైనా రాయొచ్చు, దాన్ని రంగుల కార్డు చేసి పెడతారు. మొదట్లో అన్నీ సరదా రాతలే. ఫలానా సార్ క్లాసు బావుంటుంది, ఫలానా అమ్మాయి నవ్వు బావుంటుంది. రెండో వారానికి ఇంటిపేరులో మొదటి అక్షరం, సెక్షను, జడకి కట్టుకునే రిబ్బను రంగు మొదలయ్యాయి. మా ఊళ్లో అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. ఒక పిల్ల కాలవగట్టు మీద ఎవరో అబ్బాయితో కనబడిందని రాశారు. ట్యూషన్ నుంచి పెద్దనాన్న కొడుకు సైకిలు మీద వస్తోంది, అంతే. రాత్రి తొమ్మిదింటికి పెడితే తెల్లారేసరికి లైకులు రెండొందలు దాటాయి. మా స్కూలు మొత్తం కలిపితే నాలుగొందలమంది పిల్లలు. కింద నవ్వు బొమ్మలు, ఒకళ్లనొకళ్లు పిలుచుకుని చూపించుకోవడాలు. ఆ పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు, కడుపునొప్పన్నారు. ఐదో రోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుంటూనే నిలబడిపోయింది. కంచం పట్టుకుని వరసలోకి రావాలంటే అందరి ముందునుంచీ నడవాలి కదా. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

తమ్ముడు: ఇంట్లో చెప్పిందా?

అక్క: లేదు. నాకే చెప్పింది. అదీ రికార్డు దిద్దించుకునే వంకతో, అందరూ వెళ్లాక. 'మా ఇంట్లో చెప్పకండి టీచర్, చెబితే ఫోన్ పోతుంది' అంది. నాకు కోపమొచ్చింది. ఇంత జరిగాక కూడా ఫోన్ మీదేనా ధ్యాస అనిపించింది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. ఫోన్‌తో మొదలై ట్యూషన్ మాన్పిస్తారట. తర్వాత కాలేజీకి పంపరట. వాళ్ల అక్కకి అలాగే జరిగింది. ఎవడో తెలియనివాడు మెసేజీలు పెట్టాడని ఇంట్లో చెబితే, ఆర్నెల్లకి సంబంధం చూసేశారు.

తమ్ముడు: నీ చట్టం గురించి నా భయమంతా ఇక్కడే ఉందక్కా. నా దగ్గరికొచ్చే ఆడపిల్లల్లో ఎక్కువమంది నోట నేను వినే మాట ఇదే. ఒకమ్మాయి ఫొటో మార్చి బెదిరించేవాడి సంగతి మూడు నెలలు దాచింది. ఆ బెదిరింపు ఒక ఎత్తు, తండ్రికి తెలిస్తే ఏమవుతుందోనన్నది ఇంకో ఎత్తు. వాడికీ అది తెలుసు. 'మీ నాన్నకి పంపిస్తా' అంటాడే తప్ప వేరే బెదిరింపు వాడికి అవసరమే లేదు. ఇప్పుడు పదహారేళ్ల లోపు అకౌంటే నేరం అన్నామనుకో. ఆ పిల్ల ఎవరికి చెబుతుంది? చెప్పాలంటే ముందు తను చట్టం తప్పానని ఒప్పుకోవాలి.

అక్క: ఆస్ట్రేలియా చట్టం నువ్వు చదివావా? 2024లో చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమల్లో పెట్టారు. అందులో పిల్లకి శిక్ష లేదు, తల్లిదండ్రులకి శిక్ష లేదు. పదహారు లోపు వాళ్లని ఆపడానికి తగిన చర్యలు తీసుకోని కంపెనీకే జరిమానా, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్ల దొంగచాటుగా అకౌంటు తెరిచినా తప్పు కంపెనీదే. నేనడిగేది అలాంటి చట్టమే.

తమ్ముడు: కాగితం మీద అది మంచి చట్టమే. మన ఊరికొచ్చేసరికి 'గవర్నమెంటే వద్దంది' అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. ఆ ముక్క పట్టుకుని ముందు ఎవరి ఫోన్ లాక్కుంటారు? అసర్ 2024 విద్యా సర్వే గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 36.2 శాతం, ఆడపిల్లలు 26.9 శాతం. ఇప్పటికే ఉన్న తేడా అది. మగపిల్లాడు బయట అన్నయ్య ఫోన్లోనో, స్నేహితుడి ఫోన్లోనో చూసుకుంటాడు. ఆడపిల్లకి ఆ దారీ ఉండదు. ఇంకొకటి, మన ఇళ్లలో ఫోన్ అమ్మది, నంబరు నాన్నది, వాడేది పిల్లలు. పుట్టిన తేదీ దగ్గర 1998 అని కొడతారు. వయసు ఎవరిది చూస్తావు? దక్షిణ కొరియాలో పదహారు లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. పిల్లలు అమ్మానాన్నల నంబర్లతో ఆడుకున్నారు. పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని వాళ్లే ఎత్తేశారు. మన దగ్గర 2020 జూన్ 29న టిక్‌టాక్ తీసేశారు. జులైలో ఇన్‌స్టా రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. పిల్లలు చూడటం మానలేదు.

అక్క: టిక్‌టాక్‌ని తీసేసింది పిల్లల కోసం కాదు, అది చైనా గొడవ. ఒక కంపెనీ వెళ్లింది, ఆ చోటులోకి రెండు వచ్చాయి. అందరికీ ఒకేలా వర్తించే నియమం వేరు. మన దగ్గర ఇరవై ఒకటి లోపు వాళ్లకి మద్యం అమ్మకూడదని చట్టముంది. తాగే పిల్లలు లేరా? ఉన్నారు. అందుకని ఆ చట్టం ఎత్తేద్దామా? చట్టం అంటూ ఉంటే 'ఇది నీ వయసుకి కాదు' అని చెప్పడానికి తల్లికి ఒక ఆధారం దొరుకుతుంది. ఇవాళ ఆ ఆధారం లేకే తల్లులు పిల్లల దగ్గర ఓడిపోతున్నారు.

తమ్ముడు: మద్యంలో మంచి లేదు. ఇందులో ఉంది. పల్లెటూళ్లో ఒక పిల్లకి ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. ఆ పిల్ల ఒక వీడియోలో తెలుగు డాక్టరు చెప్పింది విని, తనకున్నది ప్యానిక్ అటాక్ అని తెలుసుకుని, అమ్మని తీసుకుని తనే నా దగ్గరికి వచ్చింది. తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసిన రోజే సగం భయం పోయిందంది. ఆ తలుపు మూసేస్తావా?

అక్క: ఆ వీడియో చూడటానికి అకౌంటు అక్కర్లేదురా. వెతికి చూసుకోవచ్చు. నేను మూయమనేది అకౌంటునీ, ఫీడునీ, తెలియనివాడి మెసేజీనీ. పుస్తకం తెరిచి చదువుకోవడం వేరు, పుస్తకమే పిల్ల వెంటబడి రాత్రి ఒంటిగంటకి ఇంకో పేజీ చూడు, ఇంకో పేజీ చూడు అనడం వేరు.

తమ్ముడు: ఆ మాట దగ్గర మాత్రం నేను నీతో వస్తాను. నాకు కావలసిన చట్టం ఆ 'ఇంకో పేజీ' మీద. అంతులేకుండా కిందికి జారే తెరని ఏజా రస్కిన్ అనే డిజైనరు 2006లో తయారుచేశాడు. తర్వాత తనే పశ్చాత్తాపపడ్డాడు. పేజీ అయిపోతే మనిషి ఆగుతాడు, ఆలోచిస్తాడు. అది అయిపోకుండా చేశారు. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలవడం, లైకుల అంకె, స్ట్రీకు నిప్పు బొమ్మ, అన్నీ ఆగనివ్వకుండా చేసిన పనులే. ఈ ఆటలో ఒకవైపు వేలమంది ఇంజనీర్లు, ఇంకోవైపు పదమూడేళ్ల పిల్ల. 'కొంచెం కంట్రోల్‌లో పెట్టుకోమ్మా' అని మనం ఆ పిల్లకే చెబుతున్నాం.

అక్క: పైగా వాళ్లకి తెలిసే చేశారు. 2021లో మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్, ఇన్‌స్టాని నడిపే ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టినప్పుడు చూశాం కదా. తమ ఒళ్లు తమకు నచ్చక బాధపడే టీనేజ్ ఆడపిల్లల్లో 32 శాతం మంది, ఇన్‌స్టా వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పినట్టు కంపెనీ సొంత పరిశోధనలోనే ఉంది. ఆ పిల్లల లెక్క తేల్చి బీరువాలో పెట్టుకున్నారు. అలాంటివాళ్లని 'డిజైన్ మార్చండి బాబూ' అని అడుగుతావా? ఇన్‌స్టాలో పిల్లలకి పరిమితులతో టీన్ అకౌంట్లని తెచ్చింది 2024లో, అదీ కేసులు పడ్డాక. భయం లేనిదే వాళ్లు కదలరు.

తమ్ముడు: అడగడం కాదు, చట్టంతో చేయించడం. మన దగ్గర ఆ చట్టం ఉంది కూడా. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తొమ్మిదో సెక్షన్. పద్దెనిమిది లోపు వాళ్ల ప్రవర్తనని వెంటాడి గమనించకూడదు, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు వెయ్యకూడదు, వాళ్ల మేలుకు చేటు చేసే విధంగా డేటా వాడకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. పిల్ల ఏం చూసి ఎంతసేపు ఆగిందో గమనించకపోతే దిగులు మీద దిగులు తెచ్చి పెట్టే యంత్రం ఎలా నడుస్తుంది చెప్పు? ఈ ఒక్క సెక్షన్ నిజంగా అమలైతే నువ్వడిగే నిషేధంలో ముప్పాతిక భాగం అక్కర్లేదు.

అక్క: అమలైతే. నిబంధనలు వచ్చిందే 2025 నవంబరులో, కంపెనీలకి ఇంకో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. ఇవాళ నా క్లాసులో తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి స్కూలు దాటిపోతుంది. నువ్వు చట్టం పూర్తిగా రావాలంటావు, నేను పిల్ల పెరిగిపోతోందంటాను. నిషేధం మాట నేను వదలను.

తమ్ముడు: నేను ఒప్పుకోను. కానీ ఆ కన్ఫెషన్ పేజీ పిల్ల ఏమైంది?

అక్క: నేనే వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేముందు ఆ పిల్లని అడిగాను, చెప్పనా అని. తండ్రితో ముందు ఒక మాట తీసుకున్నాను. 'ఇప్పుడు నేను చెప్పేది విన్నాక మీరు ఫోన్ తీసుకోకూడదు, ట్యూషన్ మాన్పించకూడదు, ఒప్పుకుంటేనే చెబుతాను' అన్నాను. ఆయన బిత్తరపోయాడు. ఒప్పుకున్నాడు. విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నాకెందుకు చెప్పలేదు తల్లీ' అని పిల్లనడిగాడు. ఆ పిల్ల అప్పుడేడ్చింది, పదిరోజుల ఏడుపూ. పేజీ మీద సైబర్ క్రైమ్‌కి ఫిర్యాదు రాసింది ఆ తండ్రే. పేజీ మూతపడింది.

తమ్ముడు: నిషేధం వస్తే రానీ, రాకపోతే పోనీ. ముందు ఆ మాట ప్రతి తండ్రి దగ్గరా తీసుకోవాలక్కా.

అక్క: నెలాఖరుకి పేరెంట్స్ మీటింగ్ ఉంది. అక్కడ అడుగుతాను. దాంతోపాటు రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగు పెట్టాలని కూడా అడుగుతాను. అందరివీ. నాన్నదీ, అమ్మదీ.

ఇద్దరిలో ఎవరు నెగ్గారంటే నాకు తోచింది చెబుతాను. బాధ్యత కంపెనీదేననీ, దానికి నొప్పి కలిగేంత జరిమానా ఉండాలనీ అక్క అన్నది నిజం. మన ఊళ్లలో ఏ నిషేధమైనా ముందు ఆడపిల్ల మీదే పడుతుందని తమ్ముడు అన్నదీ అంతే నిజం. చట్టం చేసేవాళ్లు ఈ రెండో మాట వినకుండా మొదటిదే చేస్తే, పిల్లలు ఇప్పుడు దాస్తున్నదానికన్నా ఇంకా ఎక్కువ దాస్తారు. చట్టం ఏ రూపంలో వచ్చినా, ఏదైనా జరిగి సాయం కోసం ముందుకొచ్చిన పిల్లని ఏ ఇల్లూ, ఏ బడీ, ఏ స్టేషనూ దోషిగా చూడకూడదన్న మాట అందులో అక్షరాలా రాసి ఉండాలి.

మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే, చట్టం కోసం ఆగకుండా ఒక మాట ఈ రోజే చెప్పండి: 'ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు నీ ఫోన్ తీసుకోను, చదువు మాన్పించను.' చెప్పాక నిలబడండి. మీకు చెప్పలేని రోజు వస్తే ఎవరికి చెప్పాలో కూడా రాసి చూపించండి. టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. చైల్డ్‌లైన్ 1098. రెండూ ఉచితం, రెండూ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తాయి.